చెల్లెలి వేలిముద్ర

ప్రశ్న: నాకు 71 ఏళ్లు. మైదుకూరు దగ్గర పల్లె మాది. ఆరేళ్లుగా కడపలో కొడుకు ఇంట్లో ఉంటున్నా. మా నాయన పోయేముందు నా చెల్లెలి గురించి "పాపకు రెండెకరాలు ఇయ్యి" అన్నాడు. నేను ఇయ్యలేదు. ఇప్పుడు చేనంతా అమ్ముదామంటాడు కొడుకు. కొనేవాళ్లు నా చెల్లెలి సంతకం కూడా అడుగుతున్నారు. "అత్తకు మంచి చీర పెట్టి పని కానీ" అంటాడు మావాడు. నేను ఎక్కడ చూపిస్తే అక్కడ వేలిముద్ర వేస్తుంది ఆమె. ఊర్లో అయితే పెద్దమనిషిని అడిగేవాణ్ని, ఆయన పోయినాడు. ఫోన్లో ప్రవచనాలు వింటున్నా. ఒకాయన మమకారం వదలమంటాడు, ఇంకొకాయన బిడ్డల మనసు నొప్పించొద్దంటాడు. నేను ఎవరిని అడగాల?

జవాబు: అయ్యా, "నేను ఎక్కడ చూపిస్తే అక్కడ" అని రాశారే, ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. న్యాయం ఏదో తెలియని మనిషి ఆ మాట రాయడు. మీకు తెలుసు. తెలిసింది చేయడానికి పక్కన ఒక మనిషి తోడు కావాలి, అంతే.

మీ ఊరి పెద్దమనిషి శాస్త్రాలు చదివినందుకు కాదు గదా మీరు ఆయన దగ్గరికి పోయింది. ఆయనకు మీ గట్లు తెలుసు, మీ నాయన తెలుసు. మీరు చెప్పిందంతా విని "మరి ఆ పాప ఏమంటాది?" అని అడిగేవాడు. ఫోన్లో చెప్పే ఆయన ఆ ప్రశ్న వేయలేడు. ప్రవచనం వినండి, మనసు నెమ్మదిస్తుంది. కానీ మమకారం వదలాల్సింది రెండెకరాలు పట్టుకున్న మీరా, ఇన్నేళ్లూ నోరు తెరవని ఆమెనా?

కడపలో అట్లాంటి మనిషి దొరకడని అనుకోవద్దు. బ్రౌన్ గ్రంథాలయంలో మీ ఈడువాళ్లు కనిపిస్తారు, దేవుని కడప గుడి దగ్గర, పెద్ద దర్గా దగ్గర కనిపిస్తారు. ఉగాదికి ముస్లింలు కూడా దేవుని కడప గుడికొచ్చి దండం పెట్టుకునే ఊరు మనది. ఎవరైనా సరే, ఆ చేనులో భాగం లేనివాళ్లు, మీ కొడుకుతో పని పడనివాళ్లు, మీ ముఖం మీదనే "తప్పు" అనగలిగినవాళ్లు అయితే చాలు. ఒక్కరితో చెప్పుకున్నా చాలు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమాన వాటా అని హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ చెప్పింది. అప్పటికి తండ్రి బతికి లేకపోయినా ఆ హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే ఆమె భాగం రెండెకరాల కంటే ఎక్కువే కావచ్చు. మీ కాగితాలను బట్టి ఎంతో వకీలు చెప్పాలి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, ఫోన్ 15100. ఆమె మీ వకీలును కాదు, తన తరఫు వకీలును అడిగి తెలుసుకోవాలి. అన్నగా ఆ దారి మీరే చూపించండి.

కొడుక్కి ఎదురు చెప్తే రేపు ఎట్లా అన్న భయం ఉత్తరంలో రాయకపోయినా కనిపిస్తూనే ఉంది. మీ ఆదాయంతో, ఆస్తితో మీకు గడవకపోతే మిమ్మల్ని చూసుకోవడం అతని బాధ్యత, తల్లిదండ్రుల పోషణ గురించిన 2007 చట్టం అదే చెప్తుంది. ఇంట్లో ఇబ్బంది పెడితే పెద్దల హెల్ప్‌లైన్ 14567కు చేయండి. అంతదూరం పోకముందు, తాత ఆఖరి మాట ఏమిటో అతనికి ఒకసారి మీ నోటితో చెప్పండి. బహుశా ఇంతవరకు చెప్పి ఉండరు.

ఈ ఆదివారం బస్సెక్కి చెల్లెలింటికి పోండి. ఆమె వండింది తినండి. నాయన మాట ఆమెకు వినిపించి, ఇన్నేళ్లూ ఎందుకు ఇయ్యలేదో కూడా చెప్పండి. చీర, కాగితాలు మాత్రం ఇంట్లోనే పెట్టి పోండి.