ఎడారిలో వేడినీటి బుగ్గకి వెళ్తున్నావంట, ముందు ఇది చదువు

అమ్మలూ,

నువ్వూ నీ ఫ్రెండ్సూ ఎడారిలో వేడినీటి బుగ్గకి వెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది, ఫోన్లో చెప్తే సగం వింటావు సగం ఊఁ కొడతావు కాబట్టి రాసి పంపిస్తున్నా. వద్దనడానికి కాదులే, భయపడకు. మన ఇంట్లో ఆ పిచ్చి అందరికంటే ముందు పట్టింది నాకే, చలికి పళ్లు టకటకలాడుతుంటే మెడదాకా వేడినీళ్లలో కూర్చుని కొండ మీంచి ఎండ మెల్లగా కిందికి దిగడం చూస్తుంటే ఇంకేమీ అక్కర్లేదనిపిస్తుంది.

ఎండాకాలంలో మాత్రం వెళ్లకండి. బయట 45 డిగ్రీలు, నీళ్లలో 40 డిగ్రీలు ఉంటే ఒంట్లో వేడి ఎటు పోతుంది చెప్పు? చలికాలంలో వెళ్లండి, అది కూడా తెల్లవారుజామునో పొద్దుగూకాకో దిగండి. రాత్రిపూట ఎడారి చలి ఎలా ఉంటుందో మీకు తెలీదు, స్వెట్టరూ తువ్వాలూ గట్టు మీదే అందేట్టు పెట్టుకోండి, తడి ఒంటితో కారుదాకా పరిగెత్తడం ఏం సరదాగా ఉండదు.

ఇక అసలు విషయం నీళ్ల వేడి. భూమిలోకి దిగేకొద్దీ కిలోమీటరుకి సుమారు 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుంది, ఎప్పుడో కొండల్లో పడిన వానా మంచూ ఇంకి అంత లోతుకి పోయి కాగి, రాళ్ల పగుళ్లలోంచి పైకి తన్నుకొస్తాయి, అదే బుగ్గంటే. అంటే ఆ వేడిని తగ్గించే నాబ్ ఎవరి చేతిలోనూ లేదు. ఊట పుట్టేచోట కొన్ని బుగ్గల్లో నీళ్లు దాదాపు మరుగుతుంటాయి, పది అడుగులు కిందికొచ్చి గుంటలో నిలిచాకే మనం దిగేట్టు ఉంటాయి. మనిషికి 38 నుంచి 40 డిగ్రీలు హాయి, 40 దాటితే దిగొద్దు. ఒక థర్మామీటర్ దారం కట్టి తీసుకెళ్లు, పైన ఒకలా అడుగున ఒకలా ఉంటుంది కాబట్టి రెండు చోట్లా చూడు. నేనొకసారి నిన్న బాగుంది కదా అని పొద్దున్నే చూడకుండా రెండు కాళ్లూ పెట్టేశా, రాత్రి ఎవరో చల్లనీళ్లొచ్చే పాయకి రాళ్లడ్డం పెట్టినట్టున్నారు, మోకాళ్లదాకా ఎర్రగా కంది మూడు రోజులు చెప్పులు వేసుకోలేకపోయా. మీ అత్తయ్య ఇప్పటికీ నవ్వుతుంది.

ఊట చుట్టూ తెల్లగా పెచ్చు కట్టిన నేల కనిపిస్తే దాని మీద అడుగు పెట్టకండి, చూడ్డానికి గట్టిగా ఉంటుంది గానీ కింద ఏమీ ఉండదు, విరిగితే నేరుగా మరిగే నీళ్లే. కుక్కని తీసుకెళ్తానన్నావంట కదా, తాడు వదలకు. దానికి చల్లనీళ్లకీ మరిగే నీళ్లకీ తేడా తెలీదు, నీళ్లు కనపడగానే దూకేస్తుంది, దాన్ని తీద్దామని వెనకే మనిషి కూడా దూకుతాడు.

తల మాత్రం ముంచకు. మునగొద్దు, ముక్కులోకి నీళ్లు పోనివ్వద్దు. వేడినీళ్లలో నెగ్లేరియా అని ఒక అమీబా ఉండొచ్చు, అది నోట్లోంచి పోతే ఏమీ కాదు గానీ ముక్కులోంచి మెదడుకి ఎక్కుతుంది, చాలా అరుదు, కానీ వస్తే బతికి బయటపడేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. అందుకే జుట్టు ముడేసుకుని మెడదాకానే కూర్చో. ఆ నీళ్లు తాగొద్దు కూడా, రాళ్లలోంచి వస్తూ ఆర్సెనిక్ లాంటివి మోసుకొస్తాయి.

పది పదిహేను నిమిషాలకి ఒకసారి బయటికొచ్చి గట్టు మీద కూర్చుని నీళ్లు తాగి మళ్లీ దిగు. లేచేటప్పుడు మెల్లగా, ముందు గట్టు మీద కూర్చుని తర్వాత నిలబడు, వేడికి రక్తనాళాలు వెడల్పై బీపీ పడిపోతుంది, గబుక్కున లేస్తే కళ్లు తిరిగి రాయి మీద పడతావు. మీలో ఎవరైనా బీపీ మాత్రలు వేసుకునేవాళ్లుంటే, కడుపుతో ఉన్నవాళ్లుంటే డాక్టర్ని అడక్కుండా దిగొద్దని చెప్పు. మందు సంగతి నేను అడగను నువ్వు చెప్పకు, కానీ అక్కడ వద్దు, తాగి వేడినీళ్లలో నిద్రపోతే లేపేవాడు ఉండడు.

దారి విషయం నీకంటే మీ డ్రైవర్‌కి చెప్పాలి. తలకి రోజుకి 4 లీటర్లు తాగేనీళ్లు, పైన ఇంకో రోజుకి సరిపడా ఎక్స్‌ట్రా, ఫుల్ ట్యాంక్, గాలి ఉన్న స్టెప్నీ (చాలామంది స్టెప్నీలో గాలి ఉండదు, నాకు తెలిసింది అలాగే), మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, సిగ్నల్ ఉండదు. ఇసుక వాగులో టెంట్ వెయ్యొద్దు, ఇక్కడ ఆకాశం నీలంగా ఉన్నా ఎక్కడో కొండ మీద వాన పడితే నిమిషాల్లో వరదొస్తుంది. బండి చెడిపోతే బండి దగ్గరే ఉండండి, నడిచి వెళ్లినవాణ్ణి వెతకడం కష్టం, కారు దూరం నుంచి కూడా కనపడుతుంది. పొద్దున బూట్లు దులిపి తొడుక్కోండి, తేళ్లు.

సబ్బూ షాంపూ ఏవీ ఆ నీళ్లలో వాడకండి, ఆకులతో చేసింది అని రాసున్నా సరే. గాజు సీసాలు తేవొద్దు. బాత్రూంకి నీళ్లకి కనీసం 60 మీటర్లు దూరం వెళ్లి గొయ్యి తవ్వి పూడ్చండి. రాళ్లు జరిపి గుంట పెద్దది చేద్దాం అని ఒక హీరో ప్రతి గుంపులోనూ ఉంటాడు, వాణ్ణి ఆపు. కాలిఫోర్నియాలో టెకోపా అనే చోట వేడినీళ్లలో వేలెడంత కూడా లేని ఒక చేప ఉండేది, పప్‌ఫిష్ అంటారు, జనం స్నానాలకని ఊటల దారి మార్చి గదులు కట్టారు, నీళ్ల వడి పెరిగి ఆ చేప ఇంకెక్కడా లేకుండా పోయింది, 1982లో అంతరించిందని తేల్చి అమెరికా వాళ్ల రక్షిత జాతుల లిస్టులోంచే తీసేశారు. ఎవరూ కావాలని చంపలేదు, హాయిగా స్నానం చేద్దామనుకున్నారంతే.

ఇంకోటి, కొన్ని బుగ్గల్లో జనం బట్టల్లేకుండా దిగుతారు. ముందే కనుక్కుని వెళ్లండి, వెళ్లాక నోరు తెరుచుకుని చూడకండి, ఫోటోలు అస్సలు తియ్యకండి. మీరు బట్టలతో దిగితే ఎవరూ ఏమీ అనరు. గుంట చిన్నదైతే ఎవరైనా గట్టు మీద ఎదురుచూస్తుంటే లేచి చోటివ్వండి.

ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికల్లా సిగ్నల్ ఉన్న చోటికొచ్చి ఫోన్ చేస్తారో కాగితం మీద రాసి మీ అమ్మకిచ్చి వెళ్లు, ఆ టైంకి ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాలో కూడా రాయి. చైన్ వెండిదైతే ఇంట్లోనే తీసిపెట్టు, గంధకం వాసనొచ్చే నీళ్లలో ముంచితే బొగ్గులా నల్లబడుతుంది, నాదింకా పూర్తిగా తెల్లబడలేదు.

మీ మావయ్య