డిగ్రీ రాని బొమ్మల బడికి అమ్మాయిని పంపాలా?

ప్రశ్న: మాది కాకినాడ. నేను బ్యాంకులో పనిచేస్తాను. మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. చిన్నప్పటి నుంచీ బొమ్మలు బాగా వేస్తుంది. ఇంజినీరింగ్ వద్దంది, ఒప్పుకున్నాం. బీఎఫ్‌ఏలో (చిత్రకళ వంటి లలిత కళల డిగ్రీ) చేరమంటే, తనకు కావాల్సిన పాతకాలపు రియలిస్టిక్ డ్రాయింగ్, ఆయిల్ పెయింటింగ్ అక్కడ లోతుగా నేర్పరని అంటోంది. ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో ఒక చిన్న ఆర్ట్ స్కూల్లో మూడేళ్ల కోర్సు చేస్తానని పట్టుబట్టింది. దానికి డిగ్రీ ఇవ్వరట. ఇంటి మీద అప్పు తెచ్చి పంపడం సబబేనా? తిరిగొచ్చాక బతుకుతెరువు ఉంటుందా?

జవాబు: పంపవచ్చు. కానీ ఈ ఏడాది కాదు. ఇంటి మీద అప్పు తెచ్చి అసలే వద్దు. ముందు బీఎఫ్‌ఏ, దాంతోపాటే ఇంట్లో క్రమం తప్పని డ్రాయింగ్ సాధన, ఆ తర్వాతే ఫ్లోరెన్స్. ఇది మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. ఇందులో సగం తన కోసమే రాస్తున్నాను.

తన కోరికను మోజని కొట్టిపారేయకండి. తను అడుగుతున్న చదువు నిజంగా ఉంది, దానికి పేరున్న పరంపర కూడా ఉంది. ఇలాంటి బడులను అటెలియే అంటారు. పందొమ్మిదో శతాబ్దంలో పారిస్‌లో జెరోమ్ అనే చిత్రకారుడి దగ్గర నేర్చుకున్నవారిలో విలియం పాక్స్టన్ అనే అమెరికన్ ఒకరు. ఆయన శిష్యుడు ఐవ్స్ గామెల్. ఆధునిక కళ ఊపులో కాలేజీలు ఈ శిక్షణను పక్కన పెట్టేసిన రోజుల్లో గామెల్ కొద్దిమంది శిష్యులను పెట్టుకుని నేర్పుతూ వచ్చారు. ఆయన దగ్గర చదివిన రిచర్డ్ లాక్ 1969లో మినియాపొలిస్‌లో సొంత బడి తెరిచారు. ఆ ఇద్దరి దగ్గరా నేర్చుకున్న చార్లెస్ సెసిల్ తర్వాత ఫ్లోరెన్స్‌లో స్థిరపడి అక్కడ స్టూడియో నడిపారు. అదే ఊళ్ళో డేనియల్ గ్రేవ్స్ 1991లో ఫ్లోరెన్స్ అకాడమీ ఆఫ్ ఆర్ట్ మొదలుపెట్టారు. ఒక గురువు, ఆయన చుట్టూ కొద్దిమంది పిల్లలు, చేతి నుంచి చేతికి అందిన విద్య. ఇవి చిన్న బడులుగా ఉండటానికి కారణం కూడా అదే. ప్రతి బొమ్మ ముందూ గురువు నిలబడి తప్పు చూపించాలంటే క్లాసులో వందమంది ఉంటే కుదరదు.

నేర్పే పద్ధతి చాలా నెమ్మదిగా సాగుతుంది. చాలాచోట్ల మొదటి నెలలు చార్లెస్ బార్గ్ అనే ఫ్రెంచ్ చిత్రకారుడి లిథోగ్రాఫులకు (రాతి అచ్చుతో తీసిన బొమ్మలు) నకళ్ళు తీయడంతోనే గడుస్తాయి. జెరోమ్‌తో కలిసి ఆయన తయారుచేసిన ఈ 197 అచ్చు బొమ్మలు 1866 నుంచి 1871 మధ్య పారిస్‌లో అచ్చయ్యాయి. వాన్ గో కూడా వాటిని దగ్గర పెట్టుకునే చేయి సాధన చేశాడు. తర్వాత ప్లాస్టర్ విగ్రహాలను బొగ్గుతో గీయడం, ఆ తర్వాత కదలకుండా కూర్చున్న మనిషిని గీయడం. ఒకే భంగిమ వారాల తరబడి, రోజుకు మూడు గంటల చొప్పున నడుస్తుంది. ఆయిల్ రంగు చేతికి ఇచ్చినా మొదట తెలుపు నలుపులతోనే వేయిస్తారు. ఆ పైన తెలుపు, పసుపుపచ్చ మట్టి రంగు (యెల్లో ఓకర్), ఎరుపు, నలుపు, అంతే. నీలం ట్యూబు మూత తీయడానికి చాలాకాలం పడుతుంది. ఈ ఓపిక తనకుందో లేదో ఇంట్లో కూర్చుని ఊహిస్తే తేలదు, చేసి చూడాలి.

ఈ బడుల లోటు కూడా చెప్పాలి. ఎదురుగా కూర్చోబెట్టిన మనిషిని అద్భుతంగా దించగలిగి, ఎవరూ కూర్చోనప్పుడు ఏం వేయాలో తెలియక ఆగిపోయేవాళ్ళు ఇక్కడి నుంచి కూడా వస్తారు. కంపోజిషన్ (బొమ్మలో దేన్ని ఎక్కడ అమర్చాలన్నది), కళాచరిత్ర, మన సొంత సంప్రదాయాల పరిచయం, నాలుగు రకాల మనుషులతో వాదించే అలవాటు, ఇవి కాలేజీలో ఎక్కువ దొరుకుతాయి. బీఎఫ్‌ఏ ముందు చేయమనడానికి డిగ్రీ ఒక్కటే కారణం కాదు.

మీకు దగ్గర్లోనే, రాజమహేంద్రవరంలో, దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ఉంది. ఒక ఆదివారం అమ్మాయిని తీసుకెళ్ళి అక్కడ నిదానంగా తిరగండి. రామారావు 1897లో పుట్టిన చిత్రకారుడు. ఆయన చేతిలోని పసను గుర్తుపట్టి బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు వెళ్ళేలా ప్రోత్సహించింది రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లిష్ ఆయన. చదువు ముగించి రామారావు తన ఊరికే తిరిగొచ్చి, కొద్దిమంది యువకులను చేరదీసి చిన్న చిత్రకళాశాల పెట్టారు. 1925లో మశూచి సోకి, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయారు. ఆ బడిని మిత్రుడు వరదా వెంకటరత్నం ముందుకు నడిపారు. రామారావు భార్య సత్యవాణి కూడా చిత్రకారిణే. అంటే చిన్న ఆర్ట్ స్కూల్ అనేది ఫ్లోరెన్స్ వాళ్ళకే తెలిసిన సంగతి కాదు, మీ పక్క ఊళ్ళో వందేళ్ల కిందటే నడిచింది. అది పెట్టినాయనకు పునాది మాత్రం పెద్ద కాలేజీలో పడింది. బొంబాయిలో నేర్చిన మెళకువతో ఆయన గోదావరినీ, మన మనుషులనూ వేశారు. మీ అమ్మాయి ఫ్లోరెన్స్ నుంచి తేవాల్సిందీ మెళకువే. వేయాల్సిన విషయం ఇక్కడే ఉంది.

ఇక సర్టిఫికెట్ సంగతి. బ్యాంకులో పనిచేస్తున్నారు కాబట్టి ఇది నాకంటే మీకే బాగా తెలుసు: కోర్సుకు గుర్తింపు లేకపోతే విద్యా రుణం దొరకడం కష్టం, అందుకే మీ ఆలోచన ఇంటి మీదికి పోయింది. స్కూళ్ళలో ఆర్ట్ టీచర్ పోస్టుకైనా, ఎంఎఫ్‌ఏ (బీఎఫ్‌ఏ తర్వాతి పీజీ) సీటుకైనా డిగ్రీ గానీ గుర్తింపు ఉన్న డిప్లొమా గానీ అడుగుతారు. ఎంత గొప్ప గురువు సంతకం చేసినా అటెలియే కాగితం అక్కడ చెల్లకపోవచ్చు. బీఎఫ్‌ఏ చేతిలో ఉంటే ఆ తలుపులన్నీ తెరిచే ఉంటాయి. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ), విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, కడపలో వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ, ఇవి మన రెండు రాష్ట్రాల్లో చూడదగ్గవి. కోర్సు నాలుగేళ్లు. అక్కడ లోతుగా నేర్పరని అమ్మాయి అనడంలో కొంత నిజముంది. మొదటి ఏడాది స్టిల్ లైఫ్ (ఎదుట పెట్టిన వస్తువుల బొమ్మ), తల, మనిషి ఆకారం అన్నీ చేయిస్తారు గానీ, ఒక్క బొమ్మ మీద నెల రోజులు నిలబెట్టే తీరిక సిలబస్‌కు ఉండదు. ఆ లోటును ఇంట్లో పూడ్చుకోవచ్చు.

అమ్మా, ఇక్కడి నుంచి నీతో.

ఫోన్‌లో ఫొటో పెట్టుకుని, గళ్ళు గీసి, వెంట్రుక వెంట్రుకా దించిన పోర్ట్రెయిట్లు ఇప్పటిదాకా చాలా వేసి ఉంటావు. వాటికి లైకులు బాగానే వస్తాయి, అందులో నీ శ్రమా ఉంది. కానీ గుండ్రటి ముఖాన్ని చదును కాగితం మీదికి దించే పని అక్కడ కెమెరా ముందే చేసేసింది. నువ్వు ఫ్లోరెన్స్ దాకా వెళ్ళి నేర్చుకోవాలనుకుంటున్నది సరిగ్గా ఆ పనే. కాబట్టి ఒక ఏడాది ఫొటోలు పక్కన పెట్టు. ప్లాస్టర్‌తో పోసిన తలో, చెవో, పాదమో ఒకటి సంపాదించు. విగ్రహాలు చేసేవాళ్ళను అడిగిచూడు, రంగు వేయకుండా ఇమ్మను. దొరక్కపోతే మట్టి కుండకు తెల్ల డిస్టెంపర్ కొట్టు, మొదటి రెండు నెలలకు అది చాలు. వెనక నల్లగుడ్డ కట్టు.

వెలుతురు ఒక్క వైపు నుంచే రావాలి. యూరప్ స్టూడియోల్లో ఉత్తరపు కిటికీ పెట్టుకుంటారు, అటు నుంచి ఎండ నేరుగా పడదు, నీడలు కదలవు. మనం భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నాం కాబట్టి ఎండాకాలంలో సూర్యుడు ఉత్తరానికి వాలి ఆ కిటికీలోకీ ఎండ దిగుతుంది. పలచటి తెల్లగుడ్డ అడ్డం కట్టు, లేదా కిటికీ మూసేసి ఒకే ఎల్ఈడీ దీపం పెట్టుకో.

కాగితాన్ని వస్తువు పక్కనే, అదే ఎత్తులో నిలువుగా పెట్టు. వస్తువు ఎత్తుకు మూడింతలు వెనక్కి జరిగి నిలబడి, కాళ్ళు పెట్టే చోట నేల మీద టేపు అంటించు. చూడటం ఎప్పుడూ అక్కడి నుంచే. గీత పెట్టడానికి ముందుకు నడువు, పెట్టి మళ్ళీ వెనక్కి రా. ఆ చోటు నుంచి చూస్తే వస్తువూ నీ బొమ్మా ఒకే సైజులో కనిపించాలి. దీన్నే సైట్‌సైజ్ అంటారు. తాపీమేస్త్రీ గుండులా దారానికి చిన్న బరువు కట్టి వేలాడదీస్తే ఏ బిందువు దేని కింద పడుతుందో తెలుస్తుంది. మొదట అన్నీ నిటారు గీతలే, వంపులు తర్వాత. వెలుగు ఆగిపోయి నీడ మొదలయ్యే చోటును గీతగా పట్టుకో. నీడ మొత్తాన్ని ఒకే రంగుగా నింపు, దాని లోపలి వివరాల జోలికి అప్పుడే పోకు. కళ్ళు సగం మూసి చూస్తే ఏది ముదురో ఏది లేతో విడిపోతుంది. చేతిలో చిన్న అద్దం ఉంచుకుని, వెనక్కి తిరిగి బొమ్మను అద్దంలో చూడు. గంటసేపు కనబడని తప్పు అందులో వెంటనే దొరుకుతుంది.

ఇలా ఒక్కో బొమ్మ మీద ముప్పై, నలభై గంటలు పెట్టు. అలాంటివి ఏడాదిలో ఐదారు పూర్తయితే చాలు. మూడో బొమ్మకే విసుగొచ్చి మళ్ళీ ఫోన్ తీశావనుకో, తప్పేమీ లేదు. నీకు ఇష్టమైంది ఇలస్ట్రేషనో యానిమేషనో అయి ఉంటుంది, ఆ దారి వేరే, అదీ మంచిదే. కానీ ఆ గంటలు నీకు తెలియకుండానే గడిచిపోతుంటే, నువ్వడిగిన బడి నీకు తగినదే. ఆయిల్ మొదలుపెట్టాక టర్పెంటైన్‌ను మూసిన గదిలో వాడకు, తలనొప్పి వచ్చేదాకా ఆగకు.

మళ్ళీ నాన్నగారికి. బతుకుతెరువు గురించి అడిగారు. అటెలియే నుంచి వచ్చినంత మాత్రాన ఎవరూ ఉద్యోగం చేతిలో పెట్టరు. పోర్ట్రెయిట్ ఆర్డర్లతో బతికేవాళ్ళున్నారు, కానీ ఒకరి ఇంట్లో చూసి ఇంకొకరు అడగాలి, అలా పేరు రావడానికి ఏళ్లు పడుతుంది. ఈలోపు చాలామందికి అన్నం పెట్టేది బోధనే: వారాంతపు క్లాసులు, ఆర్ట్ కాలేజీలకు ప్రవేశ పరీక్ష శిక్షణ, డిగ్రీ ఉంటే స్కూల్ ఉద్యోగం. హైదరాబాద్‌లోని యానిమేషన్, గేమ్ స్టూడియోలు మనిషి శరీరం గీయగల చేతిని ఇష్టపడతాయి, కానీ వాళ్ళు సాఫ్ట్‌వేర్ కూడా వచ్చి ఉండాలంటారు. ఏఐ వచ్చాక ఆ రంగంలో కొత్తవాళ్ళకు దొరికే చిన్న పనులు తగ్గుతాయనే నా అంచనా. అందుకే ఒకే ఆదాయం మీద లెక్క వేసుకోవద్దంటున్నాను. నెలకు ఇంత అని వాయిదా కట్టాల్సిన అప్పు నెత్తిన ఉంటే, ఆ అమ్మాయి నేర్చుకున్న పద్ధతిని వదిలి దొరికిన పనల్లా ఒప్పుకోవాల్సి వస్తుంది. మీరు పెట్టిన డబ్బూ, తను పెట్టిన మూడేళ్లూ అప్పుడు నిజంగా వృథా అవుతాయి.

ఇంకొకటి ముందే మాట్లాడుకోవాలి. ఈ బడుల్లో నగ్నంగా నిలబడిన మోడల్‌ను చూసి గీయడం పాఠంలో భాగం. ఎముక ఎక్కడ ఉంది, కండ ఎటు తిరిగింది అన్నది బట్టల మీంచి తెలియదు. అక్కడ అది పూర్తి మర్యాదతో, నిశ్శబ్దంగా జరిగే పని. మీకు ఇబ్బందిగా ఉంటే ఇప్పుడే అమ్మాయితో చెప్పండి. ఫ్లోరెన్స్ వెళ్ళాక ఫోన్‌లో తెలిసి గొడవ పడటం ఇద్దరికీ బాధే.

స్కూలును ఎంచేటప్పుడు గురువుగారి బొమ్మలు చూసి మురిసిపోకండి. మొదటి ఏడాది, రెండో ఏడాది పిల్లల బొమ్మలు పంపమని అడగండి. అందులోనూ అందరికంటే బాగా వేసేవాళ్ళవి కాదు, మామూలు విద్యార్థులవి. వారానికి ఎన్నిసార్లు గురువు ప్రతి ఈజిల్ (బొమ్మ నిలబెట్టే స్టాండు) దగ్గరికి వస్తారు, మోడల్ ముందు ఎన్ని గంటలు, ఒక్క గదిలో ఎంతమంది, ఇవి రాతపూర్వకంగా తెలుసుకోండి. తొలి ఏడాది అందరి బొమ్మలూ ఒకేలా ఉండటం సహజం. చివరి ఏడాది కూడా అలాగే ఉంటే మాత్రం ఆలోచించాలి.

మూడేళ్లకు సంతకం పెట్టే ముందు కొన్ని వారాల స్వల్పకాలిక కోర్సు ఒకటి చేయించండి. ఇలాంటి స్కూళ్ళు చాలావరకు వేసవిలో వాటిని నడుపుతాయి. బీఎఫ్‌ఏ రెండో ఏడాదో మూడో ఏడాదో సెలవుల్లో వెళ్ళొస్తే, ఆ ఊరి ఖర్చు, చలి, ఒంటరితనం, గురువు మాటతీరు అన్నీ తనే చూసుకుంటుంది. ఇటలీలో తొంభై రోజులు మించి చదవాలంటే వేరే స్టడీ వీసా కావాలి, అది తర్వాతి సంగతి. ఫ్లోరెన్స్ కోసం ఇప్పటి నుంచే నెలనెలా ఒక రికరింగ్ డిపాజిట్ వేయండి, నాలుగేళ్లలో అది ఎంతో కొంత ఆసరా అవుతుంది.

ఈలోపు బీఎఫ్‌ఏ ప్రవేశ ప్రకటనలు చూస్తూ ఉండండి. దరఖాస్తు గడువు, డ్రాయింగ్ పరీక్ష తేదీ ఒక్కో యూనివర్సిటీకి ఒక్కోలా ఉంటాయి. అమ్మాయి పట్టుదలలో అవి దాటిపోతే ఒక ఏడాది పోతుంది. కనీసం రెండు చోట్ల దరఖాస్తు చేయించండి.