ర్యాప్ ఆల్బమ్ తేబోతున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన పద్దెనిమిది పాటలూ విన్నాను. ముందు జాబితా పదికి దించు. నీకు దారి చూపిన ఆల్బమ్ ‘ఇల్‌మాటిక్’ అని నువ్వే రాశావు కదా, దాన్నే ఒకసారి లెక్క వేసి చూడు. న్యూయార్క్ క్వీన్స్‌బ్రిడ్జ్ కాలనీ కుర్రాడు నాస్ తన ఇరవయ్యో ఏట, 1994 ఏప్రిల్ 19న, కొలంబియా రికార్డుల కంపెనీ ద్వారా తెచ్చాడు. పది ట్రాకులు, అందులో మొదటిది ఉపోద్ఘాతమే. మొత్తం కలిపినా సుమారు 40 నిమిషాలు. ఒక సీడీలో 74 నిమిషాలు పట్టే కాలంలో దాదాపు సగం చోటు వదిలేశారు. అతిథిగా వర్స్ (పాటలోని చరణం) చెప్పిన ర్యాపర్ ఏ.జెడ్. ఒక్కడే. బీట్లు, అంటే మాట వెనక సంగీతం, కట్టినవాళ్లు మాత్రం చాలామంది: డీజే ప్రీమియర్, పీట్ రాక్, క్యూ-టిప్, లార్జ్ ప్రొఫెసర్, ఎల్.ఇ.ఎస్. ఇన్ని చేతులు పడినా ఆల్బమ్ చెదరలేదంటే ఏ బీటూ మాటకు అడ్డు రాలేదు కాబట్టే. నీ ఆల్బమ్‌లో ప్రతి నిర్ణయానికీ ఇదే పరీక్ష పెట్టుకో: మాట వినబడుతోందా, లేదా?

రాతలో నీకున్న అసలు జబ్బు ప్రాస. ‘చూశాను, చేశాను, వేశాను’ అంటూ ఎనిమిది లైన్లు లాగావు. తెలుగులో క్రియ చివర్లో వస్తుంది కాబట్టి ‘ను, డు, ది’ ఊరికే కలిసిపోతాయి, అందులో కవి పడ్డ కష్టం ఏమీ లేదు. ప్రత్యయానికి ముందున్న రెండు మూడు అక్షరాలు కలిసేలా చూసుకో. లేదా వాక్యాన్ని తిరగెయ్, క్రియను ముందుకు తెచ్చి నామవాచకంతో ముగించు. మాట్లాడేటప్పుడు అందరం అలా అంటాం, చెవికి ఎబ్బెట్టుగా ఉండదు. పద్యంలోని రెండో అక్షరం ప్రాస కూడా పనికొస్తుంది, ముఖ్యంగా లైను మొదట్లో పట్టు కావలసినచోట. నాలుగు దెబ్బలు కలిస్తే ఒక బార్. అందులో స్నేర్ డ్రమ్ మామూలుగా రెండు, నాలుగు దగ్గర పడుతుంది. ‘గుట్ట, దెబ్బ, చక్కి’ లాంటి ద్విత్వాలను సరిగ్గా అక్కడ కూర్చోబెట్టు. డ్రమ్‌తో కలిసి అక్షరం కూడా మోగుతుంది.

బీట్‌కు సరిపోవాలని హ్రస్వాన్ని సాగదీయకు. ‘పడింది’ కాస్తా ‘పాడింది’ అవుతుంది, వినేవాడు అక్కడే తప్పిపోతాడు. నీ ఐదో పాటలో ఇది మూడుచోట్ల జరిగింది.

కొలత తెలిసి రాయి. నిమిషానికి 90 దెబ్బల వేగంలో ఒక బార్ 2.7 సెకన్లు, పదహారు బార్ల వర్స్ సుమారు 43 సెకన్లు. బార్‌కు పన్నెండు నుంచి పద్నాలుగు అక్షరాలైతే ఊపిరి అందుతుంది. పదహారు దాటితే తెలుగు ఒత్తులు నాలుక కింద నలుగుతాయి. రెండు వర్సులు, ఎనిమిదేసి బార్ల హుక్ (పల్లవి) మూడుసార్లు కలిపితే 56 బార్లు, అంటే రెండున్నర నిమిషాలు. అంతకన్నా పొడుగు పాటకు గట్టి కారణం ఉండాలి. ఊపిరి ఎక్కడ తీసుకుంటావో కాగితం మీదే గీత పెట్టుకో. స్టూడియోకి వెళ్లాక చూసుకుందాం అనుకుంటే గంటల అద్దె నీ ఊపిరికే ఖర్చవుతుంది.

ఇక బీట్లు. ఆన్‌లైన్‌లో లీజుకు కొన్న బీట్ నీది కాదు. అదే బీట్ ఇంకో యాభై మందికైనా అమ్ముతారు. ఎన్ని స్ట్రీములకు అనుమతి, ఎన్నేళ్లకు, వీడియోకి వాడుకోవచ్చా అన్నవి లైసెన్సులో చదువుకో. లీజు బీట్ మీద చేసిన పాటను యూట్యూబ్ కంటెంట్ ఐడీలో (వీడియోల్లో వాడిన పాటను గుర్తుపట్టే వ్యవస్థ) నమోదు చేస్తే అదే బీట్ కొన్నవాళ్లందరి పాటలకీ క్లెయిములు పడతాయి. అందుకే చాలా లైసెన్సులు దాన్ని నిషేధిస్తాయి. డబ్బు తక్కువైతే హుక్ బలంగా ఉన్న మూడు పాటలకైనా సొంతంగా బీట్ కట్టించుకో. ఏ పాటకైనా స్టెమ్స్, అంటే డ్రమ్స్, బాస్, మెలొడీ వేరువేరు ఫైళ్లుగా అడిగి తీసుకో. అన్నీ కలిసిపోయిన ఒక్క ఫైలే ఉంటే, నీ గొంతు మీద పడే వాయిద్యాన్ని మిక్సింగ్‌లో విడిగా తగ్గించలేరు.

పాత సినిమా పాట ముక్క కోసి వాడతానన్నావు. దానికి రెండు అనుమతులు కావాలి: రికార్డింగ్ ఎవరిదో వాళ్ల దగ్గర ఒకటి, పాట, బాణీ హక్కులు ఎవరివో వాళ్ల దగ్గర మరొకటి. అమెరికాలో 1991 డిసెంబరులో ర్యాపర్ బిజ్ మార్కీ మీద వచ్చిన తీర్పుతో అడగకుండా శాంపిల్ (ఇలా కోసిన ముక్క) వాడే ధైర్యం పెద్ద కంపెనీలకు పోయింది. ‘ఇల్‌మాటిక్’ చివరి పాటలో మైకేల్ జాక్సన్ ‘హ్యూమన్ నేచర్’ ముక్క ఉందని చూసి మనమూ చేయొచ్చు అనుకోకు, వాళ్ల వెనక కొలంబియా ఉంది. నువ్వు ఆ ఛాయలో కొత్త మెలొడీ వాయించుకో, బాణీని ఎత్తేయకుండా.

రికార్డింగుకు ముందే ప్రతి పాటకూ ఒక కాగితం రాసుకోండి: మాటలు ఎవరివి, సంగీతం ఎవరిది, ఎవరి వాటా ఎంత శాతం. సంతకాలు పెట్టండి. స్నేహితులైతే తప్పకుండా పెట్టండి. 2012 సవరణ తర్వాత మన కాపీరైట్ చట్టం ప్రకారం గేయరచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాను కంపెనీకి వదులుకుంటామని రాసిచ్చినా చెల్లదు. ఆ డబ్బు నీదాకా రావాలంటే రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీ వసూలు చేసిపెట్టే సంస్థ ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం తీసుకో.

గొంతు రికార్డింగుకు పెద్ద స్టూడియోనే అక్కర్లేదు, చప్పుడు తిరిగి కొట్టని గది చాలు. ఖాళీ గది మోత ఒకసారి ఎక్కితే పూర్తిగా పోదు. గోడలకు మందపాటి దుప్పట్లు కట్టు, బట్టల బీరువా తలుపులు తెరిచి దాని ముందు నిలబడు. మైక్‌కు జానెడు దూరం, మధ్యలో పాప్ ఫిల్టర్ (గాలిని ఆపే జాలీ). లేకపోతే ‘ప, బ, భ’ వచ్చినప్పుడల్లా గాలి దెబ్బ పడుతుంది. మైక్‌ను నోటికి కొంచెం పక్కకు తిప్పితే ‘స, శ’ల ఈల తగ్గుతుంది. 24 బిట్లలో రికార్డ్ చెయ్, గట్టిగా అరిచినచోట కూడా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు. మొత్తం వర్స్‌కు డబుల్ వేయకు, అంటే అదే మాట రెండోసారి రికార్డ్ చేసి మీద కలపకు. రెండు గొంతులు వెంట్రుకవాసి తేడాలో పడి ఒత్తులు మసకబారతాయి. లైను చివరి రెండు పదాలకు వేస్తే చాలు. అరుపులు, ‘హా’లు ఖాళీల్లోనే ఉండాలి.

మాస్టరింగ్‌లో, అంటే విడుదలకు ముందు చివరి మెరుగులో, అందరికన్నా గట్టిగా మోగాలని పట్టుబట్టకు. స్పాటిఫై మామూలుగా మైనస్ 14 లఫ్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) దగ్గరికి తెచ్చి వినిపిస్తుంది. మైనస్ 7కు నలిపి పంపితే అది దించేస్తుంది, కానీ నలిగిన హల్లులు తిరిగి రావు. పూర్తయ్యాక ఫోన్ స్పీకర్‌లో విను, ఆటోలో విను.

విడుదల రోజుకు నాలుగు వారాల ముందే, పాటలను యాప్‌లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్‌కు ఫైళ్లు అందాలి. స్పాటిఫైలో ప్లేలిస్టు కోసం ఒక పాటనే ఎంచి చెప్పగలవు, అదీ కనీసం ఏడు రోజుల ముందు. ముందు సింగిల్‌గా వదిలిన పాట అక్కడ పనికిరాదు, కాబట్టి నీ బలమైన పాటల్లో ఒకటి దాచుకో. కవరు 3000 పిక్సెళ్ల చదరం. అన్నిటికన్నా ఎక్కువ తప్పులు పేర్లలో జరుగుతాయి. నీ పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకచోట ఒక్క ‘ఎ’తో, ఇంకోచోట రెండింటితో ఉంటే రెండు వేరు ప్రొఫైళ్లు తయారవుతాయి, పాటలు చెరోచోట పడతాయి. భాష గడిలో తెలుగు అని పెట్టడం మర్చిపోకు. స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే స్ట్రీముగా లెక్క. నీ రెండో పాటలో గొంతు 41వ సెకనుకు గానీ రావడం లేదు.

స్పందన గురించి భయపడుతున్నావు. ‘ఇల్‌మాటిక్’ విడుదలకు ముందే దొంగ క్యాసెట్లు వీధుల్లోకి వచ్చేశాయి. హిప్‌హాప్ పత్రిక ‘ది సోర్స్’ అరుదుగా ఇచ్చే ఐదు మైకుల రేటింగ్, అంటే పూర్తి మార్కులు, ఇచ్చింది. అయినా అమెరికా ఆల్బమ్‌ల చార్టు బిల్‌బోర్డ్ 200లో పన్నెండో స్థానమే. అమ్మకాలకు ఇచ్చే గోల్డ్ గుర్తింపు 1996లో, ప్లాటినం 2001లో. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన 2020 రికార్డింగుల జాబితాలో దాన్ని చేర్చుకుంది. కాబట్టి మొదటి వారం అంకెలు చూసి రెండో ఆల్బమ్ దిశ మార్చేయకు. లైక్‌ల కన్నా జనం కామెంట్లలో, రీల్స్‌లో నీ లైన్లను ఎలా రాస్తున్నారో చూడు. ఒకే లైనును నలుగురు నాలుగు రకాలుగా తప్పు రాస్తే ఆ లోపం నీ ఉచ్చారణలోనో మిక్స్‌లోనో ఉంది. రివ్యూ రాసేవాళ్లకు పాటతో పాటు పూర్తి సాహిత్యం తెలుగు లిపిలో పంపు, అచ్చుతప్పులు దిద్ది. పొగడ్త కోసం వాళ్ల వెంటపడకు.

మూడో పాట రెండో వర్స్ తిరగరాసి, బీట్ లేకుండా ఫోన్‌లో చదివి పంపు. పదిలో ఏవి ఉంచావో ఆ జాబితా కూడా.

మీ అన్న