మంచం పట్టినవాళ్ల దగ్గరికి ముందు వెళ్లండి

ప్రశ్న: మేం నలుగురం నెలకోసారి మా ఊరి వృద్ధాశ్రమానికి వెళ్లి బీపీ, షుగర్ చూసి, పళ్లు పంచి వస్తున్నాం. మంచం మీదున్నవాళ్లకి ఏం చేయాలో తెలియడం లేదు. చెప్పగలరా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ అవసరం ఎక్కువగా ఉన్నది వాళ్లకే. వరండాలో కూర్చున్నవాళ్లని ఎవరో ఒకరు పలకరిస్తారు. లోపలి గదిలో పడుకున్నవాళ్లకి ఒళ్లు ఒరుసుకుని పుండు పడుతున్నా చాలా రోజులు ఎవరికీ తెలియదు. ముందు వాళ్లనే అడిగి, ఆయా సాయంతో పక్కకి తిప్పి, పిరుదుల పైన ఎముక దగ్గర, తుంటి దగ్గర, మడమల దగ్గర చూడండి. ఎర్రగా ఉంటే వేలితో నొక్కి వదలండి. నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. చామనఛాయ, నలుపు ఒంటి మీద ఎరుపు సరిగ్గా కనబడదు కాబట్టి వేడిగానో గట్టిగానో తగులుతుందేమో తడిమి చూడాలి. అక్కడ నూనె రాసి మర్దన చేయొద్దు, లోపల దెబ్బతిన్న కండ ఇంకా నలుగుతుంది. మధ్యలో రంధ్రం ఉండే గాలి రింగులూ వద్దు, వాటి అంచు ఒత్తుకుని చుట్టూ రక్తం ఆడదు. రెండు గంటలకోసారి పక్క మార్చాలి. పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకి తగలకుండా చూడాలి. మీరు వెళ్లిపోయాక ఇది ఆగిపోకూడదు కదా, అందుకే ఏ గంటకి ఏ వైపు తిప్పాలో కాగితం మీద రాసి మంచం పక్క గోడకి అంటించండి. పళ్లకంటే ఆ కాగితమే ఎక్కువ మేలు చేస్తుంది.

బీపీ చూసేముందు అయిదు నిమిషాలు కుర్చీలో ఊరికే కూర్చోనివ్వండి. వీపు ఆనించి, పాదాలు నేలకి ఆన్చి, చెయ్యి గుండె ఎత్తులో ఉంచి, మాట్లాడించకుండా చూడాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే అంకె ఎక్కువ చూపిస్తుంది. నిలబడగలిగినవాళ్లకి, ముఖ్యంగా బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకి, కాసేపు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక 1, 3 నిమిషాలకి మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే, రాత్రి బాత్రూమ్‌కి లేచినప్పుడు కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. డాక్టరుకి చెప్పించండి, మాత్రలు మీరు మార్చకండి. అన్నీ ఒకే నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసి ఆశ్రమంలోనే ఉంచాలి. మీ ఫోన్‌లో ఉన్న అంకెలు డాక్టరుకి అందవు.

షుగర్ 70 కంటే తగ్గితే, స్పృహలో ఉండి మింగగలిగితే, మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి 15 నిమిషాలకి మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: ఆశ్రమంలో ఒక పెద్దాయనకి అన్నం తినిపిస్తుంటే మాటిమాటికీ దగ్గొస్తోంది. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: దగ్గు రాగానే ఆపేయండి. మళ్లీ పెట్టేముందు నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచమనండి. అర చెంచా చొప్పున పెట్టి, మింగారని చూశాకే తర్వాతి ముద్ద. టీవీ కట్టేయండి. చారన్నం చాలామందికి కష్టం, నీళ్లు ఒకవైపు, మెతుకులు ఒకవైపు పోతాయి. మెత్తగా పిసికిన చిక్కటి పెరుగన్నం తేలిక. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. గొంతు గరగరమంటున్నా, జ్వరం వస్తున్నా తిండి ఊపిరితిత్తుల్లోకి పోతోందేమోనని అనుమానించి ఆ రోజే డాక్టరుకి చూపించాలి.