హాస్యచిత్రంలో ప్రాతినిధ్యం: పాత్రల లెక్క ఒక్కటే చాలదు

గుంటూరులో మీ కళాశాల సెమినార్‌కు ఎంచుకున్న హాస్యచిత్రంలో స్త్రీలు, వివిధ ప్రాంతాలవారు కనిపిస్తున్నా ప్రాతినిధ్యం సరిగా ఉందో లేదో తేల్చలేకపోతున్నామని రాశారు. 1985లో అమెరికన్ కార్టూనిస్టు ఆలిసన్ బెక్డెల్ కార్టూన్ ద్వారా వచ్చిన పరీక్ష, అంటే ఇద్దరు స్త్రీలు పురుషుడి గురించి కాకుండా మరేదైనా మాట్లాడుకుంటారా అన్నది, తొలి వడపోతకు పనికొస్తుంది. హాస్యానికి అది చాలదు. నవ్వు ఎవరు పుట్టిస్తున్నారు, ఎవరిని చూసి నవ్వుతున్నాం అన్నది సన్నివేశాలవారీగా రాసుకోండి. శ్రీకాకుళం యాసలో మాట్లాడే వాచ్‌మన్ పాత్ర ఉంటే, అతని సంభాషణను మన కృష్ణా, గుంటూరు మాటలోకి మార్చి చదవండి. అప్పటికీ నవ్వొస్తే అది అతని చమత్కారం, రాకపోతే నవ్వించింది యాస మాత్రమే. మన మాటే సినిమాల్లో ప్రామాణికంగా చెలామణి అవుతున్నందున ఈ తేడా మన చెవికి త్వరగా తగలదు కనుక, ఉత్తరాంధ్ర, సీమ మిత్రులతో కలిసి చూడడం తప్పనిసరని నా అభిప్రాయం.