పోటు వేరు, అల వేరు

సందేహం: ఎండలు ముదరకముందే సముద్రం గురించిన హెచ్చరికలు ఫోన్లలో, పత్రికల్లో మొదలవుతాయి. "రేపు ఆటుపోట్ల ఎత్తు 2 మీటర్ల మేర ఉంటుంది", "అలలు పోటెత్తే ప్రమాదం", "ఆటుపోట్ల కారణంగా సముద్రం అల్లకల్లోలం" అని రాస్తున్నారు. ఆటు అంటే నీరు తగ్గడం, పోటు అంటే పెరగడం అని బడిలో చదువుకున్నాను. మా నాన్నగారు మాత్రం 'పోటు, పాటు' అనేవారు. ఆటు, పాటు ఒకటేనా? ఆటుపోట్లంటే అలలేనా? ఇంకొకటి, 'దక్షిణపు గాలి' అంటే దక్షిణం నుంచి వచ్చేదా, దక్షిణానికి పోయేదా?

సమాధానం: మీ నాన్నగారి మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే ఆ జంటలో ఏది పెరగడమో ఏది తగ్గడమో ఎవరూ చెప్పనక్కర్లేదు. పోటు 'పొడుచు' నుంచి వచ్చిన మాట. కత్తితో పొడిస్తే కత్తిపోటు, తలలో పొడిచినట్టుంటే తలపోటు. ఒకరినొకరు పొడుచుకోవడంలోంచే పోట్లాట పుట్టింది. అయితే పొడవడమంటే గుచ్చడం ఒక్కటే కాదు, పైకి రావడం కూడా. పొద్దు పొడుస్తుంది, చుక్క పొడుస్తుంది. అలాగే సముద్రం పైకి వస్తే పోటు. పాటు 'పడు' నుంచి వచ్చింది. ఏర్పడు ఏర్పాటు అయినట్టు, తడబడు తడబాటు అయినట్టు, పడు పాటు అయింది. పొడిచేది పోటు, పడేది పాటు. ఇంత తేటగా కుదిరిన జంట చేతిలో ఉండగా బళ్లో పిల్లలు ఆటు ఏదో పోటు ఏదో తికమకపడుతూ బట్టీ పట్టడం నాకు విచిత్రంగానే ఉంటుంది.

ఆటు కూడా తప్పేమీ కాదు. నీరు తీయడమనే అర్థంలో (వరద తీసింది అంటామే, ఆ తీయడం) ఆటు, పాటు రెండూ చెల్లుతాయి. ఎటొచ్చీ ఆటు విడిగా బతకడం మానేసింది. "ఇప్పుడు పోటు మీదుంది" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు గానీ, "ఇప్పుడు ఆటు" అని ఒంటరిగా అనేవాళ్లు కనపడరు. అది పోటు పక్కన, అదీ బహువచనంలో, 'ఆటుపోట్లు' అన్న ముద్దగా మాత్రమే మిగిలింది.

మీరు పంపిన వాక్యాల్లోని గందరగోళానికి మూలం ఈ ముద్దలోనే ఉందని నా నమ్మకం. 'జీవితంలో ఆటుపోట్లు', 'ధరల్లో ఆటుపోట్లు', 'రాజకీయాల్లో ఆటుపోట్లు' అని అలంకారంగా వాడీ వాడీ, ఆటుపోట్లంటే ఎప్పుడు ఏం జరుగుతుందో తెలియని కుదుపు అన్న భావం స్థిరపడిపోయింది. నిజానికి సముద్రంలో అంత నియమంగా నడిచేది మరొకటి లేదు. రేపటి ధర ఎవరూ చెప్పలేరు. రేపటి పోటు వేళను మాత్రం సర్వే ఆఫ్ ఇండియా ఏటా ముందుగానే పట్టికలు వేసి అచ్చొత్తుతుంది. సముద్రం నుంచి ఊళ్లోకి అలంకారంగా వెళ్లిన మాట అర్థం మార్చుకుని, ఆ మారిన అర్థంతోనే తిరిగి సముద్రపు వార్తల్లోకి వచ్చి కూర్చుంది. "ఆటుపోట్ల కారణంగా సముద్రం అల్లకల్లోలం" అన్న వాక్యం అలా పుట్టిందే. ఆటుపోట్లు రోజూ ఉంటాయి, సముద్రం అద్దంలా ఉన్న రోజూ ఉంటాయి. వాటి వల్ల అల్లకల్లోలం కాదు.

అసలు పోటు ఎలా నడుస్తుందో రెండు మాటల్లో చెప్పుకుందాం, మాట వాడకం దాని మీదే ఆధారపడి ఉంది కాబట్టి. పోటుకు ప్రధాన కారణం చంద్రుడి ఆకర్షణ. సూర్యుడి పాలు అందులో సగానికి కొంచెం తక్కువ. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక పోటుకూ మరో పోటుకూ నడుమ సుమారు 12 గంటల 25 నిమిషాలు. ఇవాళ పొద్దున 6 గంటలకు పోటు నిండితే సాయంత్రం 6.25 ప్రాంతంలో మళ్లీ నిండుతుంది, రేపు పొద్దున 6.50కి. అంటే రోజుకు 50 నిమిషాల వెనకబాటు. పాత లెక్కలో ఘడియ 24 నిమిషాలు కనుక, రోజుకు రెండు ఘడియలు జరుగుతుందని చెప్పుకుంటే గడియారం లేకుండానే లెక్క కుదురుతుంది. అమావాస్యకూ పౌర్ణమికీ సూర్యచంద్రులు భూమితో ఒకే గీత మీదికి వస్తారు. ఆ రోజుల్లో, లేదా ఒకటి రెండు రోజులు ఆలస్యంగా, పోటు బాగా పైకి వస్తుంది, పాటు బాగా కిందికి పోతుంది. అష్టమి ప్రాంతంలో రెండిటి నడుమ తేడా తగ్గుతుంది. మన కవులు చంద్రోదయానికి సముద్రుడు పొంగినట్టు వర్ణించినప్పుడల్లా నిండు పున్నమినే పట్టుకున్నారు. కొడుకు ముఖం చూసి తండ్రి పొంగాలంటే ఆ ముఖం కనపడాలి మరి! చంద్రుడు కనిపించని అమావాస్య నాడూ సముద్రం అంతే పొంగుతుందన్న సంగతి కావ్యానికి అక్కరకు రాలేదు.

పాఠ్యపుస్తకాల వాళ్లు ఈ పెద్ద పోట్లకు 'పర్వవేలా తరంగాలు', చిన్నవాటికి 'లఘువేలా తరంగాలు' అని పేర్లు పెట్టారు. పర్వం అన్నది చక్కగా కుదిరింది, అమావాస్య పౌర్ణములు పర్వదినాలే కదా. వేలా శబ్దానికి సంస్కృతంలో సముద్రపు పోటు, దాని హద్దు, కాలం అని మూడు అర్థాలూ ఉన్నాయి. మన 'వేళ' అక్కడి నుంచి వచ్చిందే. హద్దు అన్న అర్థంలో తెలుగులో చెలియలికట్ట ఉంది. ఇంతవరకూ బాగానే ఉంది గానీ, వెనకాల 'తరంగాలు' తగిలించడం దగ్గరే నాకు అభ్యంతరం. భౌతికశాస్త్రం దృష్టిలో పోటు కూడా చాలా పొడవైన తరంగమే, కాదనను. కానీ తెలుగు చదివే పిల్లవాడికి తరంగమంటే అల. పోటును అల అని బళ్లోనే నేర్పించాక, పెద్దయి వార్తలు రాసేటప్పుడు రెండూ కలిపేస్తే తప్పు అతనొక్కడిదే ఎలా అవుతుంది?

అలను లేపేది గాలి. అల పుట్టడానికి, విరగడానికి సెకన్లు చాలు. పోటు నిండడానికి ఆరు గంటలు పడుతుంది. అల నీటిని ఊపుతుంది, పోటు నీటిమట్టాన్నే ఎత్తుతుంది. అందుకని "ఆటుపోట్ల ఎత్తు 2 మీటర్లు" అన్న వాక్యాన్ని ఎంత ప్రయత్నించినా అర్థం చేసుకోలేం. అలల ఎత్తా? పోటు నిండినప్పటి నీటిమట్టమా? పోటుకూ పాటుకూ మధ్య తేడానా? మూడూ వేర్వేరు కొలతలు. విశాఖపట్నంలో పెద్ద పోటు రోజుల్లో కూడా తేడా సగటున ఒకటిన్నర మీటర్ల లోపే. గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో అదే 10 మీటర్ల దాకా ఉంటుంది. ఏది చెబుతున్నారో తేలకపోతే ఆ 2 మీటర్లకు భయపడాలో లేదో కూడా తేలదు.

అలల ఎత్తు చెప్పేటప్పుడు 'మేర' ఎందుకో కూడా ఆలోచించండి. మేర అంటే హద్దు, పొలిమేరలో ఉన్నది అదే. "2 మీటర్ల మేర" అని చదివినవాడు 2 మీటర్లు దాటదని అనుకుంటాడు. కానీ సూచనల్లో ఇచ్చే అంకె చాలాసార్లు పెద్ద అలల సగటు. అన్ని అలల్లోనూ ఎత్తైన మూడోవంతును తీసుకుని వాటి సగటు కడతారు. సగటు 2 అయితే, మధ్యలో ఎప్పుడో ఒక అల దానికి రెట్టింపు దాకా లేవవచ్చు. అంచేత "పెద్ద అలల సగటు ఎత్తు 2 మీటర్లు, అక్కడక్కడ అంతకు మించి" అని రాయాలి. నాలుగు మాటలు ఎక్కువైతే అయ్యాయి.

'పోటెత్తు' సంగతి. వరద పోటెత్తింది, భక్తులు పోటెత్తారు అన్నవి మంచి తెలుగే. మట్టం పెరుగుతూ వచ్చి నిండిపోవడమన్న ఊహ అందులో ఉంది. పోటెత్తేది నీరు, సముద్రం. అలలు లేస్తాయి, ఎగసిపడతాయి, విరుచుకుపడతాయి. "అలలు పోటెత్తాయి" అన్నప్పుడు చెవికి ఏదో తేడాగా తోచడం సహజం. కవితలో అయితే నేను పట్టించుకోను, హెచ్చరికలో మాత్రం వద్దంటాను.

వేసవి తొలిరోజుల్లో ఈ తేడా పాటించడం మరీ అవసరం. ఒక్కోసారి గాలి ఉండదు, తుపాను ఉండదు, ఆకాశంలో మబ్బు తునక ఉండదు, అయినా పెద్ద అలలు తీరం మీదికి వచ్చి పడతాయి. ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో, వేల కిలోమీటర్ల అవతల రేగిన గాలివాన లేపిన అలలు కొన్ని రోజులు ప్రయాణించి ఇటు చేరతాయి. స్థానికంగా గాలికి లేచే అలలు కొద్ది సెకన్లకొకటి వస్తే, ఇవి 15 సెకన్లకో అంతకన్నా ఎక్కువకో ఒకటి చొప్పున, తీరిగ్గా వస్తాయి. ఆ తీరిక చూసి మోసపోకూడదు, వాటిలో బలం ఎక్కువ. కేరళ తీరంలో వేసవిలో ఇది తరచూ జరుగుతుంది. అక్కడి మత్స్యకారులు దీన్ని 'కల్లక్కడల్' అంటారు, దొంగ సముద్రమని అర్థం. హైదరాబాద్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం, అదే ఇన్‌కాయిస్, తన హెచ్చరికల్లో ఈ పేరు వాడుతోంది. తెలుగు వార్తల్లో మాత్రం ఇలాంటిదాన్ని కూడా 'ఆటుపోట్లు' అనేసి ఊరుకుంటున్నారు. ఆ మలయాళ మాట మనకు అంత పరాయిదేమీ కాదు. అక్కడి కడల్ మన కడలి. దొంగతనం, మోసం చెప్పే అక్కడి కల్లం, అబద్ధం చెప్పే మన కల్ల ఒకే వేరు నుంచి వచ్చాయి. ఎవరైనా ధైర్యం చేసి 'కల్లకడలి' అని రాస్తే అర్థం కాకపోదు. అంత సాహసం వద్దనుకుంటే 'దూరం నుంచి వచ్చే పెద్ద అలలు' అనవచ్చు. పొడవుగా ఉన్నా, గాలి లేదు కదా అని నీళ్లలోకి దిగబోయేవాడికి కావలసిన కబురు అందులో ఉంది. ఇవి వచ్చే వేళకు పోటు కూడా నిండి ఉంటే నీరు ఇంకా లోపలికి చొచ్చుకొస్తుంది. హెచ్చరిక రాసేవాళ్లు అలల ఎత్తును, పోటు వేళను విడివిడిగా చెప్పాలనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

దీనికి తిరగేసిన వార్త 'వెనక్కి వెళ్లిన సముద్రం'. అమావాస్యకో పౌర్ణమికో ఇసుక బయటపడి, ఏదో కీడు జరగబోతోందన్న ధ్వనితో శీర్షికలు వస్తాయి. 2004 సునామీ తర్వాత ఆ భయాన్ని తప్పుపట్టలేం. కానీ ఎక్కువసార్లు అది పెద్ద పాటు, అంతే. పైగా మన తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద సగటు నీటిమట్టం తక్కువగా ఉండేది మార్చి ప్రాంతంలోనే, ఎక్కువగా ఉండేది అక్టోబరు, నవంబరుల్లో. మార్చిలో పెద్ద పాటు పడితే సముద్రం మామూలు కన్నా దూరం జరిగినట్టు కనపడటంలో వింత లేదు. 'పాటు' అన్న మాట వాడుకలో ఉండి ఉంటే ఆ శీర్షికలు సగానికి సగం పుట్టేవే కావేమో.

అల్లకల్లోలం మంచి మాటే. అందులోని కల్లోలానికి సంస్కృతంలో పెద్ద అల అనే అర్థం, కాబట్టి సముద్రానికి వాడితే సొంతింట్లో వాడినట్టే. చిక్కల్లా దాన్ని ప్రతిదానికీ వాడటమే. వాతావరణ శాఖ లెక్కలో అలలు 2.5 నుంచి 4 మీటర్లుంటే ఒక స్థితి, 4 నుంచి 6 అయితే ఇంకొకటి, 6 దాటితే మరొకటి. తెలుగులోకి వచ్చేసరికి అన్నీ అల్లకల్లోలమే. పక్కన అంకె వేస్తే గొడవ ఉండదు. ఉప్పెన మాత్రం వేరు. తుపాను గాలి నీటిని తోసి ఊళ్ల మీదికి తెచ్చేది అది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచింది అదే. పోటుకు గానీ పెద్ద అలకు గానీ ఆ పేరు పెట్టకూడదు.

ఇక గాలి. దక్షిణపు గాలి దక్షిణం నుంచి వచ్చేదే. తూర్పుగాలి, పడమటిగాలి, నైరుతి రుతుపవనాలు అన్నీ పుట్టిన దిక్కు పేరుతోనే చెలామణి అవుతాయి. (రుతుపవనాల్లో పవనమంటే గాలే కనుక 'రుతుపవనాల గాలులు' అని మళ్లీ రాయనక్కర్లేదు.) నీటి ప్రవాహానికి మాత్రం పోయే దిక్కు చెబుతారు. వేసవి మొదట్లో మన తీరం వెంట ప్రవాహం ఉత్తరానికి సాగుతుంది, చలికాలానికి ముందు దక్షిణానికి తిరుగుతుంది. అంటే ఒకే సూచనలో 'దక్షిణపు గాలి', 'ఉత్తరపు ప్రవాహం' అని ఉంటే రెండూ ఎదురెదురు కావు, రెండూ ఒకే వైపు పోతున్నాయన్నమాట! చదివేవాడికి ఈ సంప్రదాయం తెలిసి ఉండాలని పట్టుబట్టడం న్యాయం కాదు. "దక్షిణ దిశగా గాలులు" అన్న వాక్యం ఎటు నుంచో ఎటో చెప్పదు, దాన్ని వదిలేయాలి. గాలికి 'నుంచి', ప్రవాహానికి 'వైపు' చేర్చి, "గాలి దక్షిణం నుంచి, ప్రవాహం ఉత్తరం వైపు" అని రాస్తే చాలు.