డ్రాగ్ కారుకి బ్లాకు కొనే ముందు గోడ మందం కొలిపించండి

అడిగింది ఇదీ: ‘పాత కారుని డ్రాగ్ రేసింగ్‌కి తయారు చేసుకుంటున్నాను. టర్బో పెడతాను. కాస్ట్ ఐరన్ బ్లాకు తీసుకోవాలా, అల్యూమినియందా?’

బ్లాకంటే సిలిండర్లు ఉండే ఇంజన్ మొద్దు. డ్రాగ్ అంటే తిన్నటి దారిలో కొద్ది దూరం పరుగు. దానికి కాస్ట్ ఐరనే, అంటే పోత ఇనుమే తీసుకోండి. ఇందులో నాకు రెండో మాట లేదు. టర్బో పెట్టి, మన బడ్జెట్‌లో, మన ఊళ్లోనే పని చేయించుకునేవాళ్లకి పోత ఇనుముకి మించింది లేదు. టయోటా టూజేజెడ్ ఇంజన్‌ని ప్రపంచమంతా ఎందుకు తలుచుకుంటుంది? బ్లాకు మొత్తం పోత ఇనుము, పైన డెక్, అంటే హెడ్ కూర్చునే ముఖం, సిలిండర్ల చుట్టూ మూసి ఉంటుంది. ఎంత బూస్టు, అంటే టర్బో తోసే గాలి ఒత్తిడి, పెట్టినా సిలిండర్ల పై అంచులు అంత తేలిగ్గా కదలవు. జనరల్ మోటార్స్ ఎల్ఎస్ ఇంజన్లలో ఇనుప బ్లాకు అల్యూమినియం దానికంటే సుమారు 40 కిలోలు ఎక్కువ తూగుతుంది, నిజమే. ఆ 40 కిలోలు సీట్లు, డోర్ ప్యాడ్లు పీకేసి తగ్గించుకోవచ్చు. డ్రాగ్ రేసుల్లో అన్నిటికంటే వేగమైన టాప్ ఫ్యూయల్ కార్లలో అల్యూమినియం బ్లాకే కదా అంటారు. అది దిమ్మను తొలిచి చేసింది, అందులో నీటి దారులే ఉండవు, ప్రతి పరుగు తర్వాత ఇంజన్ విప్పుతారు. వాళ్ల లెక్క మనకి పనికిరాదు.

అయితే లోహం పేరు తెలిసినంత మాత్రాన చేతిలో ఉన్న బ్లాకు గట్టిదో కాదో తెలియదు. బ్లాకు పోసేటప్పుడు నీళ్లు తిరిగే ఖాళీ కోసం అచ్చులో ఇసుక కోర్లు పెడతారు. ఆ కోరు కాస్త పక్కకి జరిగినా సిలిండర్ గోడ ఒక వైపు మందంగా, ఎదుటి వైపు పల్చగా తయారవుతుంది. చూపుకి ఏమీ తెలియదు. మామూలుగా తిరిగే కారుకి దాంతో ఇబ్బంది లేదు. బూస్టు పడ్డాక మాత్రం పిస్టన్ నొక్కే వైపు, అంటే థ్రస్టు వైపు గోడ పల్చగా ఉంటే అది చీలుతుంది.

గాజువాక ఆటోనగర్‌లో మాది ఇంజన్ సిలిండర్లు తొలిచే బోరింగ్ షాపు. ఒకసారి అనకాపల్లి కుర్రాడు ఒకడు కాంటెస్సా కారు ఇసుజు ఇంజన్ బ్లాకు పట్టుకొచ్చాడు. 1817 సీసీ, 84 మి.మీ. బోరు (సిలిండర్ లోపలి వెడల్పు), ఇనుప బ్లాకు. ఎంపిక బాగుంది. తుప్పంతా గీకించి, రంగు కొట్టించి, పెళ్లికొడుకులా ముస్తాబు చేసి తెచ్చాడు. ‘అన్నా, బోరు ఒకటిన్నర మిల్లీమీటర్లు ఓవర్‌సైజు కొట్టెయ్, పిస్టన్లు తెప్పించేశాను’ అన్నాడు. నేను బ్లాకుని మిషన్ ఎక్కించలేదు, మా బావకి ఫోన్ చేశాను. సముద్రంలో తిరిగొచ్చిన ఓడల అడుగు ప్లేట్లు ఎంత అరిగాయో అల్ట్రాసోనిక్ గేజితో కొలవడం ఆయన పని.

ఇది విశాఖకి ఉన్న వరం. షిప్‌యార్డు, రిఫైనరీ, స్టీల్ ప్లాంటు ఉన్న ఊరు కాబట్టి ఈ గేజి పట్టడం తెలిసినవాళ్లు ఇక్కడ బోలెడంత మంది. కారు కట్టేవాళ్లు మాత్రం వాళ్లని అడగరు. అలాయ్ వీల్స్‌కీ, చెవులు పగిలే సైలెన్సర్‌కీ వేలకి వేలు పోస్తారు, అరగంట పని అయిన ఈ కొలతకి మాత్రం తీరిక ఉండదు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

బావ డ్యూటీ దిగి వచ్చి, మూడో సిలిండర్ థ్రస్టు వైపు జెల్ రాసి ప్రోబు ఆనించాడు. 6.1 మి.మీ. అని చూపించింది. కుర్రాడి మొహం వెలిగిపోయింది.

‘ఆగు బాబూ, ఏటా కంగారు? ఇందులో పెట్టింది స్టీలు లెక్క. ఇది పోత ఇనుము’ అన్నాడు బావ.

గేజి నిజానికి కొలిచేది మందాన్ని కాదు, శబ్దం గోడలోకి వెళ్లి వెనక్కి రావడానికి పట్టే సమయాన్ని. స్టీలులో శబ్దం సెకనుకి 5900 మీటర్ల దాకా పోతుంది. గ్రే కాస్ట్ ఐరన్‌లో 4600 ప్రాంతంలోనే ఉంటుంది, అదీ పోతని బట్టి మారుతుంది. అందుకే అదే రకం ఇంజన్‌ది పగిలిన బ్లాకు ముక్క ఒకటి తుక్కులోంచి తీసి కోశాం. దాని మందం మైక్రోమీటర్‌తో చూసి, గేజిని దానికి సరిచేసి మళ్లీ పెట్టాం. ఇందాకటి 6.1 కాస్తా 4.7 అయింది. అదే సిలిండర్‌కి ఎదుటి వైపు ఏడు దాటింది. బోరు ఒకటిన్నర పెంచితే గోడ ఒక్కో వైపు 0.75 పోతుంది. నాలుగు కూడా మిగలదు.

టర్బో ఇంజన్‌కి థ్రస్టు వైపు 5 మి.మీ. మిగలకపోతే నేను బోరు చేయను. ఎవరి లెక్క ఎలా ఉన్నా నాది ఇదే.

‘అయితే లైనర్ వేసేద్దాం అన్నా’ అన్నాడు కుర్రాడు. లైనర్ అంటే సిలిండర్ లోపల దిగ్గొట్టే గొట్టం. లైనర్ వేయాలంటే గోడని ఇంకా తొలవాలి, తొలిచాక ఆ లైనర్‌ని పట్టి ఉంచడానికి గోడ కావాలి కదా! కోపంగా వెళ్లిపోయాడు. తర్వాత నూనె జిడ్డు పట్టిన ఇంకో బ్లాకు తెచ్చాడు, స్టాండర్డ్ బోరుది, అంటే ఇంతకుముందు తొలవనిది. నాలుగు సిలిండర్లకీ థ్రస్టు వైపు ఆరు దాటింది. అర మిల్లీమీటరుతో సరిపెట్టాం. మొదటి పిస్టన్లు అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోలేదు, ఆ డబ్బు పోయింది. ఇంజన్ ఇప్పటికీ నడుస్తోంది.

ఇంకో మాట. భీమిలి రోడ్డు మీద రాత్రి పందేలకి కారు కావాలంటే మా షాపుకి రావద్దు. తెల్లారకముందే చేపల గంపలతో బయల్దేరే ఆడవాళ్లు ఆ రోడ్డు మీదే నడుస్తారు. 402 మీటర్ల డ్రాగ్ పరుగు కావాలంటే దేశంలో మోటార్ పోటీలు చూసే సంఘం ఎఫ్ఎంఎస్‌సీఐ అనుమతి ఉన్న పోటీలు ఉన్నాయి, కారుని ట్రక్కు మీద వేసుకుని వెళ్లండి.

ఇక హోనింగ్, అంటే తొలిచాక బోరు గోడని సానపెట్టే పని సంగతి. హెడ్ బోల్టులు బిగిస్తే బోరు ఆకారం కొద్దిగా మారుతుంది. అందుకే బ్లాకు మీద హెడ్‌కి బదులు టార్క్ ప్లేటు అనే మందపాటి ప్లేటు బిగించి హోనింగ్ చేయించండి. మీ ఇంజన్‌కి రెడీగా దొరక్కపోతే 50 మి.మీ. ఉక్కు ప్లేటు కోయించి చేయించుకోవచ్చు, ఈ ఊళ్లో ప్లేటుకి కొరతేం లేదు. పని అయ్యాక సబ్బు నీళ్లతో కడిగి, ఆరబెట్టి, అప్పటికప్పుడే బోర్ల నిండా ఇంజన్ ఆయిల్ పూయండి. ఈ సముద్రపు గాలికి వదిలేస్తే తెల్లారేసరికి బోర్లలో ఎర్రటి తుప్పు పొర కనిపిస్తుంది, మళ్లీ హోనింగ్‌కి రావాల్సిందే.